బొమ్మ లేని యాది

మొన్నటి పెత్రమాస నాడు పెద్దలకు బియ్యం ఇచ్చి వచ్చిన తరువాత, వాకిట్లో చాప పరచుకుని ఎంగిలిపూల బతుకమ్మకు పూలు సర్దుతుండగా మా చిన్నమ్మ నన్ను ఒక మాట అడిగింది. అమ్మ పోయిన తరువాత మాకు మిగిలిన పెద్ద దిక్కు ఆమె. తంగేడు కొమ్మల నుంచి పూలు విడదీస్తూ, నా వైపు చూడకుండానే అంది:

"అక్క మొకం నాకైతే దినాం కండ్లల్ల మెదుల్తది బిడ్డా. పొద్దుగాల లేస్తే ఆమెనే కనబడ్తది. నీక్కూడ గట్లనేనా?"

లేదని చెప్పాను. అమ్మ ముఖం ఎన్నడూ నా కళ్ళ ముందుకు రాలేదనీ, అమ్మదే అని కాదు, నా పిల్లల ముఖాలు కూడా రావనీ, కళ్ళు మూసుకుంటే నాకు చీకటి తప్ప ఏమీ ఉండదనీ వివరించబోయాను. చిన్నమ్మ చేతిలోని కొమ్మను చాప మీద పెట్టి, "గింత జల్ది మర్శిపోయినవా?" అంది. ఆ మాటలో కోపం లేదు, నిజమైన బాధ ఉంది. ఆ బాధ అమ్మ కోసమో, నా కోసమో నేను అడగలేదు.

ఒక మనిషి రూపాన్ని మనసులో చూడగలగడం, ఆ మనిషిని గుర్తుంచుకోవడం రెండు వేరు వేరు పనులనీ, మొదటిది చేతకానివాళ్ళకు రెండోది కూడా లేదనుకోవడం పొరపాటనీ నా నమ్మకం. చిన్నమ్మకు ఆ రోజు ఈ మాట సరిగా చెప్పలేకపోయాను. చెప్పలేకపోవడానికి కారణం, ఆ నమ్మకం మీద నాకే కొన్ని అనుమానాలు ఉండటం. వాటిని కూడా దాచకుండా ఇక్కడ రాస్తున్నాను.

మేడారంలో తప్పిపోయిన అమ్మ

నా మనసులో బొమ్మలు లేవన్న సంగతి నాకు నలభై మూడో ఏట తెలిసింది. 2020 ఫిబ్రవరిలో అమ్మ, చెల్లె, నేను మేడారం జాతరకు వెళ్ళాము. జంపన్న వాగులో స్నానాలు చేసి, బంగారం అని పిలిచే మొక్కు బెల్లం మోసుకుంటూ గద్దెల వైపు నడుస్తుండగా జనం తోపులో అమ్మ మా చేయి విడిచి ఎటో కొట్టుకుపోయింది. ఫోన్ల సంచి చెల్లె దగ్గర ఉంది. చెల్లె ఒక దిక్కు, నేను ఒక దిక్కు వెతికి, చివరకు నేను తప్పిపోయినవాళ్ళ పేర్లు మైకులో చదివే పందిరి దగ్గరకు చేరుకున్నాను.

అక్కడ కూర్చున్న అబ్బాయి అడిగినవాటికి అన్నిటికీ జవాబు చెప్పాను. పేరు, ఊరు, అరవై ఎనిమిదేళ్ళ వయసు, కుడి మోకాలు నొప్పి, చేతిలో గుడ్డ సంచి. "ఏ రంగు చీర అమ్మా?" అన్నప్పుడు నా నోరు ఆగిపోయింది. గంట కిందట వాగు ఒడ్డున ఆ చీరను అడ్డంగా పట్టుకుని నిలబడింది నేనే. అది నూలు చీర అని తెలుసు, అంచు గరుకుగా ఉంటుందని తెలుసు, హన్మకొండ చౌరస్తాలో ఏ దుకాణంలో ఎంతకు కొన్నామో కూడా తెలుసు. రంగు మాత్రం నా దగ్గర లేదు. "మనిషి ఎట్లుంటది?" అని ఆ అబ్బాయి మళ్ళీ అడిగాడు. బక్కగా ఉంటుందని చెప్పాను. ఆ జాతరలో బక్కపలచని ముసలమ్మలు ఎన్ని వేలమంది ఉన్నారో ఆ అబ్బాయికి తెలుసు.

అంతలో చెల్లె పరుగెత్తుకొచ్చింది. కళ్ళు మూసుకుని, ఎదురుగా ఉన్నదాన్ని చూసి చదువుతున్నట్టు చెప్పుకుంటూ పోయింది: చిలక పచ్చ చీర, ఎర్ర అంచు, తెల్ల రైక, కుడి కన్ను కింద పుట్టుమచ్చ, ముందరి పన్ను మీద గార, మెడలో నల్లపూసలు, వాటికి కట్టిన పిన్నీసు. పిన్నీసు సంగతి విన్నప్పుడు నాకు భయం వేసింది. అమ్మ తప్పిపోయిందన్న భయం కాదది, నాలో ఏదో తేడా ఉందన్న భయం. తరువాత బస్సులో అడిగాను, అవన్నీ ఎట్లా చెప్పగలిగావని. చెల్లెకు నా ప్రశ్నే అర్థం కాలేదు.

"ఎట్ల చెప్పుడేంది అక్కా, కనబడ్తది కద."

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. అమ్మను ముందుగా గుర్తుపట్టింది నేనే. పందిరికి చాలా దూరంలో, వెనక నుంచి, ముఖం కనిపించకుండానే, నొప్పి కాలును కొంచెం ఈడ్చి వేసే ఆ నడకను చూసి అరిచాను. చెల్లె అప్పటికింకా గుంపులో పచ్చ చీరల కోసం చూస్తూనే ఉంది. కళ్ళ ముందు ఉన్నదాన్ని పోల్చుకోవడంలో నాకు ఏనాడూ ఇబ్బంది లేదు. కళ్ళ ముందు లేనిదాన్ని పిలిస్తే రాదు, అంతే.

అంతవరకు "కళ్ళకు కట్టినట్టు", "కళ్ళ ముందు కదలాడింది" వంటి మాటలను "గుండె జారింది" వంటి మాటల లాగే విన్నాను. గుండె నిజంగా జారదు కదా, ఇది కూడా అంతే అనుకున్నాను. భద్రకాళి గుడిలో, అంత దూరం వచ్చి వరుసలో నిలబడినవాళ్ళు అమ్మవారి ముందుకు రాగానే కళ్ళు మూసుకోవడం చిన్నప్పటి నుంచి నాకు వింతగా ఉండేది. అమ్మ కూడా మూసుకునేది. చూడటానికి వచ్చి కళ్ళు ఎందుకు మూసుకుంటారో నాకు అర్థమయ్యేది కాదు. మూసిన కళ్ళ వెనక వాళ్ళకు ఇంకొక దర్శనం జరుగుతుందని నలభై మూడేళ్ళు నాకు తెలియదు.

పేరు దొరికిన తరువాత

ఈ స్థితికి అఫాంటేసియా అని పేరు పెట్టినవారు ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయంలో అప్పట్లో పనిచేసిన నాడీ వైద్యుడు ఆడమ్ జెమన్. మనసులో రూపం కట్టే శక్తికి అరిస్టాటిల్ వాడిన మాట ఫాంటేసియా. దానికి ముందు, మనం "అన్యాయం"లో పెట్టినట్టే, లేదని చెప్పే "అ" చేర్చారు. 2010లో ఆయన ఒక రోగి గురించి రాశారు. అరవై అయిదేళ్ళ ఆ మనిషి భవనాల సర్వేయరుగా పనిచేసి విరమించినవాడు. గుండె రక్తనాళాలకు యాంజియోప్లాస్టీ చేయించుకున్న తరువాత అతని మనసులోని బొమ్మలన్నీ ఒక్కసారిగా పోయాయి. ఆ వార్త పత్రికలో చదివిన కొందరు, తమకు పుట్టుక నుంచే ఆ బొమ్మలు లేవని జెమన్‌కు రాశారు. అట్లాంటి ఇరవై ఒక్కమంది గురించి 2015లో ప్రచురించిన వ్యాసంలో ఈ పేరు మొదటిసారి వచ్చింది.

నాకు ఎక్కువ ధైర్యం ఇచ్చింది మాత్రం అంతకన్నా పాత సంగతి. 1880లో ఫ్రాన్సిస్ గాల్టన్ తనకు తెలిసినవారిని ఆ రోజు పొద్దున తాము కూర్చుని తిన్న బల్లను తలచుకుని, ఆ దృశ్యం ఎంత వెలుగుగా, ఎంత స్పష్టంగా, ఏ రంగుల్లో ఉందో రాయమని అడిగాడు. ముందుగా అడిగింది తన తోటి శాస్త్రవేత్తలనే. వాళ్ళలో చాలామంది అట్లాంటి దృశ్యమేదీ తమకు తెలియదనీ, "మనసులో చూడటం" అన్నది ఒక మాట తీరు మాత్రమేననీ జవాబిచ్చారు. నేను మా గుడిలో అనుకున్నదే, నూట నలభై ఏళ్ళ కిందట ఎక్కడో ఉన్న పెద్ద చదువుల వాళ్ళు కూడా అనుకున్నారు.

మనసులోని బొమ్మ ఎంత స్పష్టంగా ఉందో కొలవడానికి 1973లో డేవిడ్ మార్క్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తయారుచేసిన పదహారు ప్రశ్నల పట్టిక ఒకటి ఉంది. ఒక్కొక్క ప్రశ్నకు ఒకటి నుంచి అయిదు వరకు మార్కులు. నేను వాడిన తీరులో ఒకటి అంటే బొమ్మే లేదని, అయిదు అంటే ఎదుట ఉన్నంత స్పష్టంగా ఉందని. మొదటి నాలుగు ప్రశ్నలు తరచుగా చూసే ఒక దగ్గరి మనిషి గురించి ఉంటాయి. నేను అమ్మను తీసుకున్నాను. మూడో ప్రశ్న ఆ మనిషి నడక గురించి. అడుగు ఎంత దూరం పడుతుంది, ఒళ్ళు ఎట్లా నిలుస్తుంది, అది నీకు ఎంత స్పష్టంగా కనిపిస్తోంది అని. మేడారంలో అంత జనంలో నేను పోల్చుకున్న ఆ నడకకే ఒకటి వేసుకోవలసి వచ్చింది. పదహారు ప్రశ్నలకు నా మొత్తం పదహారు.

ఇదంతా మాటల తేడా ఎందుకు కాకూడదు, అందరి లోపలా ఒకటే ఉండి చెప్పే తీరు మాత్రమే వేరేమో అని నా తోటి లెక్చరరు ఒకరు వాదించారు. న్యాయమైన ప్రశ్న. ఎదుటివారి మనసులోకి ఎవరమూ తొంగి చూడలేము. కానీ కంటిపాప అబద్ధం చెప్పదు. వెలుగు చూస్తే అది చిన్నదవుతుంది, చీకట్లో పెద్దదవుతుంది. సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో జోయెల్ పియర్సన్ బృందం 2022లో ప్రచురించిన పరీక్షలో, తెల్లగా వెలిగే ఆకారాలను మనసులో ఊహించుకోమన్నప్పుడు మామూలు మనుషుల కంటిపాపలు నిజంగా వెలుగు చూసినట్టే చిన్నవయ్యాయి. అఫాంటేసియా ఉన్నవారి కంటిపాపలు ఆ ఆకారాలను కళ్ళారా చూసినప్పుడు అందరిలాగే స్పందించాయి. ఊహించమన్నప్పుడు మాత్రం వెలుగుకూ చీకటికీ తేడా చూపలేదు. ఒకేసారి ఎక్కువ ఆకారాలను ఊహించమంటే వాళ్ళ కంటిపాపలు కూడా పెద్దవయ్యాయి, అంటే ప్రయత్నం జరుగుతూనే ఉంది. ఆ చివరి వాక్యం చదివి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. ప్రయత్నించకపోవడం వల్లనే అమ్మ నాకు కనిపించడం లేదని ఇక ఎవరూ అనలేరు.

బాపు జంపఖానా

మా బాపు వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు. 2018లో ఈ జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అప్పటికి బాపు మగ్గం దిగి చాలా ఏళ్ళయింది. ఆయన కొత్త నమూనా మొదలుపెట్టే ముందు పడుగు ముందు కూర్చుని ఏమీ చేయకుండా బీడీ కాల్చేవాడు. ఏం చేస్తున్నావని అడిగితే, "ముందుగాల కండ్లల్ల నేస్త, అటెన్క చేతులతోని నేస్త" అనేవాడు. అదీ ఒక మాట తీరే అనుకున్నాను.

ఎండాకాలం సెలవుల్లో నాకు నేర్పబోయి మొదటి వారం విసిగిపోయాడు. ఆయన "మూలకు పువ్వు వచ్చేటట్టు చూసుకో" అంటే నాకు దిక్కు తోచేది కాదు. చివరకు నేనే ఒక దారి పట్టాను. ఆయన నేసిన ముక్కను ఒళ్ళో పెట్టుకుని పేక వరుసలు లెక్కించి, ఎరుపు ఎనిమిది, తెలుపు రెండు, నలుపు ఒకటి, మళ్ళీ తెలుపు రెండు అని నోటుబుక్కులో రాసుకుని, ఆ లెక్కను పాటలాగా పైకి చదువుతూ నేశాను. జానెడు ముక్క తయారైంది. బాపు దాన్ని తిప్పి తిప్పి చూసి, వెనక ముడులు తడిమి, తన ముక్క పక్కన పెట్టి, ఏది ఎవరిదో చెప్పమని అమ్మను పిలిచాడు. అమ్మ రెండు చేతులతో రెండూ పట్టుకుని తేల్చలేకపోయింది.

నేను ఇప్పుడు జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతున్నాను. లెక్కలకు బొమ్మ అవసరం లేదని అనను. చాలామందికి అది మంచి ఊతం. కానీ త్రిపరిమాణ జ్యామితి మొదలుపెట్టిన రోజు "రెండు తలాలు ఖండించుకోవడం ఊహించండి" అని చెప్పి ఊరుకునేదాన్ని కాను, ఇప్పుడూ ఊరుకోను. రెండు అట్టలు కోసి ఒకదానిలో ఒకటి దూర్చి చూపిస్తాను, తరువాత సమీకరణాల్లోకి వెళతాను. బ్రిటన్‌లో 2022లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం మనసులో బొమ్మలు అసలు లేనివారు, బాగా మసకగా ఉన్నవారు కలిపి నూటికి నలుగురు, పూర్తిగా లేనివారు ఒక్కరికన్నా తక్కువ. ఆ లెక్కన అరవైమంది కూర్చునే మా తరగతిలో ఇద్దరో ముగ్గురో ఉండవచ్చు. "ఊహించుకో" అంటే అర్థం కాక, తాము మొద్దులమనుకుని తల దించుకునే పిల్లలు వాళ్ళు కావచ్చు. యానిమేషన్ సినిమాలు తీసే పిక్సార్ సంస్థ స్థాపకులలో ఒకరైన ఎడ్ క్యాట్‌మల్, కంప్యూటరులో వంపు తిరిగిన ఉపరితలాలను చిత్రించే పద్ధతులు కనిపెట్టిన మనిషి, తన మనసులో ఏ బొమ్మా కనిపించదని చెప్పారు. నా ముందు కూర్చునే పిల్లలకు ఈ సంగతి ఏడాదికి ఒకసారైనా చెబుతాను.

నా మీద నాకే వచ్చిన అనుమానం

ఇప్పుడు అసలు కష్టమైన చోటికి వస్తున్నాను. 2021లో అదే సిడ్నీ బృందం ఇంకొక పరీక్ష ఫలితాలు ప్రచురించింది. చీకటి గదిలో కూర్చోబెట్టి, భయం పుట్టించే కథలను ఒక్కొక్క వాక్యంగా తెర మీద చదివించి, చర్మం మీద చెమట వల్ల విద్యుత్ ప్రసారంలో వచ్చే మార్పును కొలిచారు. మనసులో బొమ్మలు కట్టేవాళ్ళలో కథ ముందుకు సాగేకొద్దీ ఆ కొలత పెరిగింది. అఫాంటేసియా ఉన్నవారిలో దాదాపు కదలలేదు. భయం పుట్టించే ఫోటోలను చూపించినప్పుడు మాత్రం ఇద్దరిలోనూ పెరిగింది.

ఇది చదివిన రాత్రి అమ్మ పదకొండో దినం గుర్తుకొచ్చింది. అందరూ అమ్మ గురించి చెప్పుకుంటున్నారు. పెళ్ళినాటి సంగతులు, మగ్గం గుంతలో కాలు విరిగిన సంగతి, కరువులో గట్క తాగి బతికిన సంగతి. చెప్తున్నవాళ్ళు ఏడుస్తున్నారు, వింటున్న చెల్లె ఏడుస్తోంది, నేను వంటవాళ్ళకు లెక్కలు చూస్తూ పొడి కళ్ళతో తిరిగాను. ఆ రోజు కొందరు నన్ను గుండె గట్టిదన్నారు, కొందరు ఏమీ అనలేదు. మాటలతో చెప్పిన కథకు నా ఒళ్ళు కదలదంటే, చిన్నమ్మ అన్నది నిజమేనా? నా దుఃఖమే తక్కువా?

నేను చెప్పగలిగింది నాకు జరిగింది మాత్రమే. అమ్మ పోయిన మూడు నెలలకు బీరువా పైఅరలో ఆమె వక్కల సంచి చేతికి తగిలింది. ముదురు గుడ్డ, నోటికి లాగే తాడు, లోపల గట్టిపడిన సున్నం డబ్బా, రెండు ముక్కలైన వక్క, చిన్న అడకత్తెర. అడకత్తెర ఒక పిడికి అమ్మ గుడ్డ పీలిక చుట్టింది, వేలికి ఒరుసుకోకుండా. ఆ పీలిక బొటనవేలు ఆనే చోట మాత్రం నునుపుగా, నల్లగా అరిగి ఉంది. నా బొటనవేలు అక్కడ పెట్టాను. ఆ తరువాత నేల మీద ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. స్కూలు నుంచి వచ్చిన నా బిడ్డ భయపడి పక్కింటివాళ్ళను పిలిచింది.

ఆ పరీక్ష ఫోటోల గురించి చెప్పిన మాట నాకు అప్పుడు అర్థమైంది. ఎదుట వస్తువు ఉంటే ఒళ్ళు కదులుతుంది. లేని వస్తువును కథ తెచ్చి ఎదుట పెట్టలేదు, నా విషయంలో. నా దుఃఖం బీరువాలో ఉంది, అడకత్తెరలో ఉంది, మోకాలు ఈడ్చే ప్రతి ముసలమ్మ నడకలో ఉంది. కాబట్టి అది పదకొండో దినం నాడు పిలవగానే రాలేదు, రావడం మొదలుపెట్టిన తరువాత నేను వద్దన్నా ఆగడం లేదు.

అయినా నష్టం లేదని అనలేను. అఫాంటేసియా ఉన్నవారికి తమ జీవితంలో జరిగిన సంఘటనల జ్ఞాపకాలు మిగతావారంత నిండుగా ఉండవని 2020లో వచ్చిన పరిశోధన చెప్పింది, నా అనుభవమూ అదే. చెల్లె అమ్మతో గడిపిన ఒక మధ్యాహ్నంలోకి తిరిగి వెళ్ళి కూర్చోగలదు. నాకు ఆ మధ్యాహ్నం గురించి నాలుగు వాక్యాలు తెలుసు. ఈ స్థితిని వరంగా చెప్పేవారు ఉన్నారు, చెడు దృశ్యాలు వెంటాడవు కదా అంటారు. ఆస్పత్రి మంచం మీద అమ్మ చివరి ముఖం నన్ను వెంటాడని మాట నిజమే. దాని కోసం మిగతా అరవై ఏళ్ళ ముఖాన్ని వదులుకుంటావా అని ఎవరైనా ముందే అడిగి ఉంటే ఒప్పుకునేదాన్ని కాను. ఇది జబ్బు కాదని పరిశోధకులు చెబుతున్నారు, నేనూ ఒప్పుకుంటాను. వరం మాత్రం కాదు.

నయం చేసుకోవాలని కూడా చూశాను. తెలిసిన యోగా టీచరు ఒకరు దీపాన్ని రెప్ప వేయకుండా చూసి కళ్ళు మూసుకోమన్నారు. నెలన్నర చేశాను. మూసిన కళ్ళలో మంట ఆకారం క్షణం సేపు నిలిచేది. అది కంటి అలసట వల్ల మిగిలే మరక, మనసు గీసిన బొమ్మ కాదు. దీపం బదులు అమ్మ ఫోటో పెట్టి చూసిన రోజున చీకటే మిగిలింది. ఆ రోజుతో మానేశాను.

కలలో మాత్రం అమ్మ ఒకసారి కనిపించింది. నాలాంటివారిలో చాలామందికి కలల్లో దృశ్యాలు వస్తాయట. నాకూ వస్తాయి, చాలా అరుదుగా. అమ్మ గిన్నెలు తోముతూ తల ఎత్తి నన్ను చూసింది. ముఖం మొత్తం కనిపించింది. మెలకువ వచ్చాక, కనిపించిందన్న సంగతి మిగిలింది.

ఎవరి బతుకమ్మ సరైనది

పోయిన ఏడు సద్దుల బతుకమ్మ పేర్చేటప్పుడు చెల్లెకూ నాకూ చిన్న వాదన వచ్చింది. అమ్మ పేర్చిన తీరులోనే పేర్చాలన్నది ఇద్దరి పట్టుదల. అడుగున గుమ్మడి ఆకులు, వాటి మీద తంగేడు, ఆపైన బంతి, ఆ తరువాత రంగు అద్దిన గునుగు అని నేను. కాదు, తంగేడు మీద గునుగే వచ్చేది, నాకు కనబడుతోంది, బంతి పైన ఉంది అని చెల్లె. గునుగుకు అమ్మ ఊదా రంగు అద్దేదని నేను, గులాబీ అని చెల్లె. అమ్మ చివరిసారి పేర్చిన బతుకమ్మతో వేయి స్తంభాల గుడి ముందు తీసిన ఫోటో ఫోనులో ఉందని నా బిడ్డ తెచ్చి చూపింది. వరుస నేను చెప్పినట్టే ఉంది. రంగు చెల్లె చెప్పినట్టు గులాబీ.

చికాగో విశ్వవిద్యాలయంలో విల్మా బెయిన్‌బ్రిడ్జ్ బృందం 2021లో ప్రచురించిన పరీక్ష దాదాపు ఇదే మాట చెబుతుంది. మూడు గదుల ఫోటోలు చూపించి, తరువాత వాటిని చూడకుండా గీయమన్నారు. అఫాంటేసియా ఉన్నవారు తక్కువ వస్తువులు గీశారు, రంగులు తక్కువ వేశారు, కొన్ని చోట్ల బొమ్మకు బదులు పేరు రాసి వదిలారు. కానీ గీసిన వస్తువులు ఏ చోట ఉన్నాయి, ఎంత పెద్దవి అన్న విషయంలో వాళ్ళు ఎవరికీ తీసిపోలేదు. ఫోటోలో లేని వస్తువును ఉన్నట్టు గీసిన తప్పులు వాళ్ళలో తక్కువ.

ఒక్క ఫోటోతో చెల్లె జ్ఞాపకం తప్పని నేను వాదించబోవడం లేదు. ఆమెకు కనిపించిన బతుకమ్మ వేరొక ఏడాదిది కావచ్చు. నేను చెప్పదలచింది ఇంతే: లోపల కనిపించే బొమ్మ కూడా మనసు ప్రతిసారీ కొత్తగా పేర్చుకునేదే, అందులోనూ ఒక వరుస పైకీ కిందికీ మారుతుంది. నా దగ్గర ఉన్నది చోటు, వరుస, చేతి అలవాటు. ఆమె దగ్గర ఉన్నది రంగు, వెలుగు, ముఖం. అమ్మ పేర్చిన బతుకమ్మను మళ్ళీ పేర్చడానికి ఆ రోజు ఇద్దరమూ కావలసి వచ్చింది.

మన మాటల్లో ఉన్నదే

చిన్నమ్మకు చెప్పలేకపోయిన జవాబు నిజానికి చిన్నమ్మ మాట్లాడే భాషలోనే ఉంది. మనకు "కండ్లల్ల మెదులుడు" ఉంది, నిజమే. కానీ గుర్తుండటానికి మనం రోజూ వాడేది ఆ మాట కాదు. "యాదికున్నదా" అంటాము, "మతికి లేదు" అంటాము, "తలచుకున్నాను" అంటాము. యాది ఉర్దూ నుంచి వచ్చి మన ఇంటి మాటైంది, మతి మనసు, తలపు ఆలోచన. వీటిలో ఎక్కడా కన్ను లేదు. ఒక మనిషి లేని లోటుకు మన దగ్గర "రంది" ఉంది. "బిడ్డ రంది పెట్టుకున్నది" అంటే ఏం కనిపిస్తోందని ఎవరూ అడగరు. అన్నం సగంలో వదిలేయడం, పిలవగానే పలకకపోవడం చూసి రంది ఉందని తెలుసుకుంటారు.

పుట్టుక నుంచి చూపు లేనివారిని ఎవరైనా మీ అమ్మ ముఖం కళ్ళలో మెదులుతుందా అని అడుగుతారా? వాళ్ళకు అమ్మ యాదికి లేదని అంటారా? నా కళ్ళు పనిచేస్తాయి కాబట్టి నన్ను అడుగుతారు, నా జవాబు విని బాధపడతారు. ఆ ప్రశ్నతో ప్రేమను కొలవవద్దని నేను అడుగుతున్నాను. పోయినవారి రూపం కళ్ళ ముందు నిలవడం లేదని లోపల లోపల సిగ్గుపడుతున్నవారు, తమది రాతి గుండె అనుకుని ఎవరికీ చెప్పుకోనివారు మన మధ్య ఉండి ఉంటారు. కనిపించని మనిషి కోసం రంది పడటం ఎట్లా ఉంటుందో వాళ్ళకు తెలుసు, నాకు తెలుసు.

అమ్మ పోయిన నెల నుంచి ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. చేత్తో పట్టుకోలేని సంగతులను రాసిపెట్టుకోకపోతే నా దగ్గర నిలవవు. చారు తాలింపులో మెంతులు ఎన్ని వేసేదో, ఎవరిని ఏ పేరుతో పిలిచేదో, చెప్పులు గుమ్మానికి ఎటువైపు విడిచేదో అందులో ఉన్నాయి. మొన్నటి పెత్రమాస సాయంత్రం, బతుకమ్మను సాగనంపి వచ్చిన తరువాత, చిన్నమ్మ పక్కన కూర్చుని ఆ పుస్తకం తెరిచి, నీకు పొద్దున కనబడ్డ అమ్మ ఏం చేస్తోందో చెప్పమన్నాను. చిన్నమ్మ ముందు తటపటాయించింది. తరువాత కళ్ళు మూసుకుంది. నేను తేదీ వేసి ఆమె చెప్పినట్టే రాశాను:

"కడప మీద కూసున్నది. సత్తు గిలాసల నీళ్ళు తాగుతాంది. నీళ్ళు తాగేటప్పుడు అక్క కండ్లు మూసుకునేది, చిన్నప్పటి సంది."

అమ్మతో నలభై అయిదేళ్ళు గడిపాను. ఆ సంగతి నాకు తెలియదు.